నాన్నమ్మ తిట్టిన చోటే నవ్వుతున్నారు

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాళ్లం నలుగురం కలిసి యూట్యూబ్ కోసం ఒక ఫ్యామిలీ సిట్‌కామ్ రాస్తున్నాం. ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి 22 నిమిషాలు. నాలుగో ఎపిసోడ్‌లో కాలేజీలో చదివే మనవరాలు తన క్లాస్‌మేట్‌ని, ఒక ఆఫ్రికన్ అమెరికన్ అబ్బాయిని, ఇంటికి భోజనానికి పిలుస్తుంది. నాన్నమ్మకి ఇష్టం ఉండదు. అతనికి తెలుగు రాదు కాబట్టి ఎదురుగా కూర్చునే నోటికొచ్చినట్టు మాట్లాడుతుంది. చివర్లో ఆవిడకి ఛాతీలో నొప్పి వస్తే అతనే ఆస్పత్రికి తీసుకెళ్తాడు, ఆవిడ క్షమాపణ చెబుతుంది. స్క్రిప్టు 30 పేజీలు, అబ్బాయి 12వ పేజీలో వస్తాడు. స్నేహితులకి చదివి వినిపిస్తే నాన్నమ్మ తిట్లకి పగలబడి నవ్వారు. అబ్బాయి వచ్చాక నవ్వులు ఆగిపోయాయి. క్షమాపణ సీను మాకే అబద్ధంలా ఉంది. వివక్ష తప్పని చెప్పబోయి దాన్నే పంచిపెడుతున్నామేమోనని భయంగా ఉంది. ఎలా సరిచేయాలి?

సమాధానం:

మీ భయం సరైనదే. షూటింగ్‌కి ముందే వచ్చింది కాబట్టి పని జరుగుతుంది. స్క్రిప్టు పారేయక్కర్లేదు, కానీ సగం పైనే తిరగరాయాలి. మీరు చెప్పిన ఇబ్బందులన్నిటికీ మూలం ఒకటే: నవ్వు ఎవరి మీద పడుతోందో లెక్క చూసుకోలేదు. మన ఉద్దేశం మంచిదైతే చూసేవాళ్లకి అదే అర్థమవుతుందని నమ్మారు. అలా అర్థం కాదని ఈ తరహా షోలకి పెద్దదిక్కు లాంటి షోతోనే తేలిపోయింది.

'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' 1971 జనవరి 12న అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్‌లో మొదలైంది. బీబీసీలో వచ్చిన 'టిల్ డెత్ అజ్ డు పార్ట్'ని ఆధారం చేసుకుని నార్మన్ లియర్ దాన్ని తయారుచేశాడు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే ఆర్చీ బంకర్ తన కుర్చీలో కూర్చుని నల్లవాళ్లనీ, యూదులనీ, ప్యూర్టోరికన్లనీ తోచినట్టల్లా అంటూ ఉంటాడు. అల్లుడు ఎదురు వాదిస్తూ ఉంటాడు. ఇది మన పక్షపాతాల మీద హాస్యమని మొదటి ఎపిసోడ్‌కి ముందు ఛానల్ వాళ్లు తెర మీద ఒక ప్రకటన కూడా వేశారు. అయినా నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే పరిశోధకులు ప్రేక్షకులని అడిగి 1974లో అచ్చువేసిన అధ్యయనంలో, వివక్ష ముందునుంచీ ఎక్కువున్నవాళ్లే ఆర్చీని ఎక్కువగా మెచ్చుకున్నారని బయటపడింది. అతన్ని ఎగతాళి చేస్తున్నారని కొందరు నవ్వారు, మన మనసులో మాట ధైర్యంగా అంటున్నాడని ఇంకొందరు నవ్వారు. టీవీ ముందు రెండు నవ్వులూ ఒకేలా వినిపిస్తాయి.

మీ స్క్రిప్టులో ఇంకో చిక్కు అదనంగా ఉంది. నాన్నమ్మ తెలుగులో అంటుంది, అబ్బాయికి తెలియదు, చూసేవాళ్లకి తెలుస్తుంది. అంటే మీ ప్రేక్షకులని మీరే ఒక గుట్టులో భాగస్తులని చేశారు. అతని ఎదుట, అతనికి తెలియకుండా, మనమంతా కలిసి నవ్వుకోవడం. మన ఇళ్లలో నిజంగా జరిగేది కూడా ఇదే: నవ్వుమొహంతో ఇంకో రెండు గారెలు వడ్డిస్తూ 'ఈ నల్లోడు ఎప్పుడు పోతాడే' అనడం. అది ఎపిసోడ్‌లో ఉండాల్సిందే, ఎందుకంటే అది నిజం. కానీ ఇప్పుడు ఆ గుట్టు ఖర్చు లేకుండా దొరుకుతోంది. దానికి ఇంట్లో ఎవరో ఒకరు మూల్యం కట్టాలి. ఆ మనిషి మనవరాలు.

అతను 'ఏమంటున్నారు?' అని అడిగిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి కల్పించి చెప్పాలి. మొదటిసారి సులువుగా చెబుతుంది. రెండోసారి తడబడుతుంది. మూడోసారికి నాన్నమ్మ నిమిషంపాటు మాట్లాడితే ఈమె 'కూర ఇంకాస్త వేసుకోమంటోంది' అంటుంది. అప్పుడు అతను మామూలుగా అనాలి: 'ఆవిడ ఇందాకటి నుంచీ మాట్లాడుతూనే ఉంది, నువ్వు ఒక్క ముక్కే చెప్పావు.' అతనికి మాటలు తెలియవు, మొహాలు తెలుసు. ఇలాంటి గదుల్లో కూర్చోవడం అతనికి కొత్త కాదు. ఈ ఒక్క మార్పుతో నవ్వు నాన్నమ్మ తిట్టు మీద నుంచి మనవరాలి అబద్ధం మీదకి జరుగుతుంది. చివర్లో అతనికి తెలుగు వచ్చని బయటపెట్టే మలుపు మాత్రం పెట్టొద్దు. రాసేటప్పుడు చాలా ఊరిస్తుంది. కానీ అప్పుడు తప్పు అతను వినడంలో ఉన్నట్టవుతుంది, ఆవిడ అనడంలో కాదు.

తర్వాత నవ్వులు లెక్కపెట్టండి. స్క్రిప్టు ప్రింటు తీసి మూడు రంగుల పెన్నులు పట్టుకోండి. అవమానపరిచే మాటకే నవ్వు వచ్చే చోట ఎర్రగీత. అలా మాట్లాడిన మనిషి వాదన తనకే అడ్డం తిరిగిన చోట, సాకు బెడిసికొట్టిన చోట ఆకుపచ్చ. అతిథి తన తెలివితోనో, పంతంతోనో, చాదస్తంతోనో స్వయంగా తెప్పించిన నవ్వుకి నీలం. 30 పేజీలకి అటూఇటుగా 60 నవ్వులు ఉంటాయనుకుంటే, ఎర్రవి మూడు దాటకూడదని మా సలహా. అవి కూడా మొదటి ఎనిమిది పేజీల్లోనే అయిపోవాలి, ఒక్కోదానికీ నాలుగైదు లైన్లలోపే ఇంట్లో ఎవరికో ఒకరికి ఇరకాటం రావాలి. నీలం పదికి తగ్గితే అబ్బాయి పాత్ర ఇంకా రాయలేదని అర్థం. మీ ఇప్పటి స్క్రిప్టులో నీలం గీత ఒక్కటీ పడదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అతను వచ్చాక నవ్వు ఆగిపోయింది అందుకే. అతనికి మీరు మర్యాద ఇచ్చారు గానీ హాస్యం ఇవ్వలేదు.

ఎర్రగీతని ఆకుపచ్చగా, నీలంగా ఎలా మార్చాలో ఒక సీనులో చూద్దాం. అతను వస్తున్నాడని తెలిసి నాన్నమ్మ 'గొలుసు దాచుకోండర్రా' అంటుంది అనుకుందాం. అందరూ నవ్వుతారు, అది ఎర్రనవ్వు. ఆ డైలాగు కొట్టేసి, మాటకి బదులు పని రాయండి. ఆవిడ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి గొలుసు తీసి బియ్యం డబ్బాలో అడుగుకి దోపేస్తుంది. అప్పటికి ఎవరూ నవ్వరు, నవ్వనక్కర్లేదు. పది పన్నెండు పేజీల తర్వాత అన్నం తక్కువైందని కోడలు అతిథి ఎదుటే గ్లాసుతో బియ్యం తోడుతుంది. గొలుసు గిన్నెలో జారిపడుతుంది. దాచిందెవరో, ఎందుకో వంటింట్లో ఉన్న అందరికీ ఒక్కసారే తెలిసిపోతుంది.

నాన్నమ్మ: బియ్యానికి పురుగు పట్టకుండా వేశాను.
కోడలు: పురుగు పట్టకుండా వేపాకు కదా అత్తయ్యా వేసేది?
నాన్నమ్మ: లేనివాళ్లు వేపాకు వేస్తారు.

మనవరాలు చచ్చినట్టు ఇదంతా ఇంగ్లీషులో చెప్పాలి. అతను సావధానంగా విని, చాలా సీరియస్‌గా అడుగుతాడు: 'ఎన్ని కేజీలకి ఎన్ని తులాలు? మా అమ్మ కూడా బియ్యానికి పురుగు పడుతోందని గోల పెడుతుంటుంది.' అతనికి అర్థమైందని అందరికీ తెలుసు. అతను ఆవిడని సాకులోంచి బయటికి రానివ్వడం లేదు. తానే కల్పించిన ఆచారానికి కొలతలు చెప్పాల్సిన గతి ఇప్పుడు నాన్నమ్మకి పట్టింది. 'పాతిక కేజీలకి రెండు తులాలు' అని ఆవిడ చెప్పనూ చెబుతుంది. ఇందులో ఒక్క తిట్టు లేదు. అయినా వివక్ష మొదటి వెర్షన్‌లో కంటే ఎక్కువ కనబడుతోంది, ఎందుకంటే అది ఒక మాటలో కాక ఒక డబ్బాలో ఉంది, దాన్ని అందరూ చూశారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గొలుసు అతనికే దొరికి, అతనే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేలా రాయొద్దు. మీ ఆస్పత్రి సీనుది కూడా ఇదే దోషం. ప్రాణం కాపాడితేనో, నిజాయితీ రుజువు చేస్తేనో ఆవిడ ఒప్పుకుంటుంది అంటే, ఏమీ రుజువు చేయని మామూలు నల్లజాతి కుర్రాడు వస్తే గొలుసు దాచుకోవడం సబబే అని చెప్పినట్టవుతుంది. మీకు అబద్ధంలా అనిపించింది క్షమాపణ వల్ల మాత్రమే కాదు, ఆ బేరం వల్ల. ఛాతీనొప్పి మొత్తం తీసేయండి. అలాగే ఆవిడ కళ్లజోడు పోయి, ఎవరో తెలియక అతనితో ప్రేమగా మాట్లాడే ఐడియా కూడా మీ చర్చల్లో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, చాలామందికి వస్తుంది. వివక్ష కంటిచూపులో ఉందని చెప్పే సీను అది. వద్దు.

అతిథి పాత్ర సంగతి. అతన్ని 12వ పేజీ నుంచి 6వ పేజీకి తీసుకురండి. అంతకంటే ముఖ్యం, అతనికి ఈ ఇంటితో సంబంధం లేని ఒక అవసరం ఇవ్వండి. సోమవారానికి ఇవ్వాల్సిన ల్యాబ్ రిపోర్టు ఉంది, మనవరాలు తన వాటా రాయలేదు, అది రాయించుకోవడానికే వచ్చాడు అనుకోండి. అందరూ అతని రంగు గురించి ఆందోళన పడుతుంటే అతనికి గ్రాఫుల గురించి ఆందోళన. దానికితోడు ఒక లోపం ఉండాలి: ప్రతిదాన్నీ సరిదిద్దే అలవాటో, ఓటమి ఒప్పుకోని గుణమో. పేకాటలో నాన్నమ్మ తొండి చేస్తే పట్టుకుని వదలకపోవడం లాంటివి. లోపం లేని మనిషి సిట్‌కామ్‌లో అతిథిగానే మిగిలిపోతాడు.

'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'లో ఆర్చీ పక్కింటి నల్లజాతి కుటుంబం జెఫర్సన్ల కథ చూడండి. 1975లో వాళ్లకి సొంత షో వచ్చి 1985 దాకా నడిచింది. జార్జ్ జెఫర్సన్ మంచితనానికి నమూనా కాదు. డ్రైక్లీనింగ్ వ్యాపారంలో సంపాదించి గర్వం తలకెక్కిన మనిషి, భార్యతో తగవు, పనిమనిషితో తగవు, తెల్లవాళ్ల మీద తనకీ పక్షపాతం. అదే భవనంలో ఉండే టామ్, హెలెన్ విల్లిస్ తెల్లజాతి భర్త, నల్లజాతి భార్య. జార్జ్ వాళ్లని ఏడిపించని రోజు లేదు. నలుపు తెలుపుల మధ్య పెళ్లిని నేరంగా చూసే రాష్ట్ర చట్టాలని సుప్రీంకోర్టు లవింగ్ కేసులో కొట్టేసింది 1967లోనే. ఎనిమిదేళ్లు తిరక్కుండా అలాంటి జంట టీవీలో రోజువారీ ఇరుగుపొరుగుగా కనబడింది, అదీ ఉపన్యాసం ఇవ్వకుండా. మీ అబ్బాయికి కూడా తన వాళ్లింట్లో ఒక సీను ఉండాలి. ఒకటిన్నర పేజీ చాలు. ఈ భోజనానికి వెళ్తున్నానంటే వాళ్లమ్మ ఏమంటుంది? ఇండియన్ల మీద ఆవిడకున్న అభిప్రాయం ఏమిటి? ఏదో షాపులో మనవాళ్లెవరో తన వెనకాలే నడుస్తూ కాపలా కాసిన రోజు ఆవిడకి గుర్తుండవచ్చు. ఆ సీనులో నవ్వు పూర్తిగా మన మీద పడనివ్వండి.

ఇప్పుడు నాన్నమ్మ. వివక్ష అంతా డెబ్బై ఏళ్ల మనిషి నెత్తిన వేస్తే మిగతా ఇల్లంతా కడిగిన ముత్యంలా బయటపడిపోతుంది. నిజం మీకు తెలుసు. మంచి ఇంగ్లీషులో, 'స్కూల్ డిస్ట్రిక్ట్', 'సేఫ్ ఏరియా' అనే మాటల్లో నాన్న అదే చెబుతాడు. నలుగురూ ఏమనుకుంటారో, రేపు పిల్ల సంబంధాలకి ఇబ్బందేమో అని అమ్మ అదే చెబుతుంది. తమ్ముడు ర్యాప్ పాటల యాస అనుకరిస్తూ అతనితో చనువు నటిస్తాడు. మనవరాలు అతన్ని ముందుగా హెచ్చరించకుండానే పిలిచింది, తన ఇల్లు అలాంటిది కాదని తనకి తాను చెప్పుకోవడానికి. ఒక్కొక్కరికీ ఒక్కో రకం వాటా పంచండి. నాన్నమ్మ పైకి అంటుంది, మిగతావాళ్లు అనరు, తేడా అంతే అని చూసేవాళ్లకి 20వ పేజీకల్లా తెలిసిపోవాలి. ఛామనఛాయ అని పెళ్లిచూపుల్లో తనని కాదన్న గతం నాన్నమ్మకి పెట్టాలనుకుంటే పెట్టండి, బాగుంటుంది. కానీ ఎపిసోడ్ మొదట్లో, వేరే సందర్భంలో, మనవరాలికి శనగపిండి నలుగు పెట్టుకోమని పోరే చోట పెట్టండి. చివర్లో పెడితే అది ఆవిడ తరఫు వకాల్తా అయిపోతుంది.

నాన్నకి మాత్రం పెద్ద సీను కావాలి. 'మేం రెండు సూట్‌కేసులతో వచ్చి పైకొచ్చాం, వాళ్లకేమైంది?' అన్న మాట మన విందుల్లో వినపడనిది ఎప్పుడు? దానికి జవాబు చరిత్రలో ఉంది. దేశాలవారీ కోటాలు తీసేసి, చదువుకున్నవాళ్లకీ వృత్తినిపుణులకీ దారి తెరిచిన ఇమిగ్రేషన్ చట్టం 1965లో వచ్చింది. అంతకు ముందటేడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఓటుహక్కు చట్టం వచ్చాయి. నల్లజాతివాళ్లు వీధుల్లో దెబ్బలు తిని మార్చిన దేశపు వాతావరణంలోనే మన వీసా దారి కూడా తెరుచుకుంది. అయితే ఇదంతా ఎవరి నోటితోనైనా చెప్పించారంటే ఆ పేజీ చచ్చిపోతుంది. చేతికి ఒక వస్తువు ఇవ్వండి.

ఆ వస్తువు ఇంటి పాత దస్తావేజు. నాన్నకి పక్కింటివాళ్లతో కంచె తగాదా ఉంది, హద్దులు తేల్చుకోవడానికి కౌంటీ క్లర్క్ ఆఫీసు నుంచి పాత డీడ్ నకలు తెచ్చుకున్నాడు. ఇల్లు 1930లలో కట్టింది. ఆ రోజుల్లో అమెరికా అంతటా చాలా డీడ్లలో, కకేసియన్ జాతి, అంటే తెల్లజాతి, కానివాళ్లు ఈ స్థలంలో నివసించకూడదు, పనివాళ్లకి మినహాయింపు అనే షరతు రాసేవాళ్లు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో షెల్లీ కేసులో చెప్పింది. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టంతో అవి పూర్తిగా చట్టవిరుద్ధమయ్యాయి. కాగితాల్లో మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. భోజనాల దగ్గర నాన్న గర్వంగా కాగితం తీసి హద్దులు చదువుతూ చదువుతూ ఆ షరతు దగ్గర ఆగుతాడు.

నాన్న: ఇది మనకి వర్తించదులే. మనం ఆర్యులం. శాస్త్రప్రకారం కకేసియన్లమే.
అమ్మ: మొన్న తెలుగు సంఘం మీటింగులో ద్రావిడులమన్నారుగా?
తమ్ముడు (ఫోన్ చూస్తూ): నాన్నా, నువ్వన్నదే 1923లో ఒకాయన సుప్రీంకోర్టుకి చెప్పాడు.
నాన్న: చూశారా! ఏమన్నారు?
తమ్ముడు: జడ్జీలంతా కలిసి కాదన్నారు.

ఆ ఒకాయన భగత్ సింగ్ థిండ్. పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఉన్నత కులపు ఆర్యుణ్ని కాబట్టి తెల్లవాడినేనని వాదించాడు. మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావని కోర్టు తేల్చేసింది. భారతీయులకి పౌరసత్వం తీసుకునే వీలు చట్టప్రకారం దొరికింది 1946లో, అది కూడా ఏడాదికి 100 మంది వలస కోటాతో పాటు. మీ నాన్న పాత్ర అదే వాదన తనంతట తాను మళ్లీ కనిపెట్టడం మీ ఎపిసోడ్‌కి దొరికే గట్టి ఆకుపచ్చ నవ్వు. దాని మీద నీలం నవ్వు అతిథిది. కాగితం అందుకుని కిందిదాకా చదివి అంటాడు: 'పనివాళ్లైతే ఉండొచ్చట అంకుల్. మీరు గిన్నెలు కడగండి, నేను తుడుస్తాను.' ఇద్దరూ ఒకే షరతుకి ఇవతల నిలబడ్డారని చెప్పడానికి ఇంకో వాక్యం అక్కర్లేదు. దయచేసి ఆ తర్వాత సంగీతం వేయొద్దు.

సంగీతం మాట వచ్చింది కాబట్టి: సీరియస్ విషయం రాగానే నవ్వులు ఆపేసి, వీణో వయొలినో మొదలుపెట్టి, అందరూ మెల్లగా మాట్లాడటం ఈ తరహా ఎపిసోడ్లని చంపే అలవాటు. ఒక నల్లజాతి కుటుంబం మీద వచ్చిన అమెరికా సిట్‌కామ్ 'బ్లాక్-ఇష్' 2016 ఫిబ్రవరిలో పోలీసు దౌర్జన్యం మీద 'హోప్' అనే ఎపిసోడ్ చేసింది. దాదాపు అంతా ఒకే హాల్లో, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని కోర్టు నిర్ణయం కోసం చూస్తుంటారు. పిల్లలకి ఏం చెప్పాలో భార్యాభర్తలకే పడదు. భోజనం ఏం తెప్పించాలన్న వాదన కూడా సాగుతూనే ఉంటుంది. బరువైన పేజీలోనూ ఇల్లు ఇల్లులాగే ఉండటం వల్లే అది నిలబడింది. మీ చివరి పది పేజీల్లోనూ ఒక్కో పేజీకి కనీసం ఒక నవ్వు ఉండాలి.

ముగింపు ఎలా? క్షమాపణ తీసేయండి. 22 నిమిషాల్లో ఆవిడ మారదు, మారితే నమ్మరు. మలుపు నాన్నమ్మ దగ్గర కాదు, మనవరాలి దగ్గర పెట్టండి. భోజనం అయ్యాక ఇంటి ముందు అతని కారు దగ్గర ఇద్దరికీ రెండు పేజీల సీను. 'నాకు ముందే చెప్పాల్సింది. వచ్చేవాణ్నో కాదో నేను తేల్చుకునేవాణ్ని' అంటాడు. ఆమె దగ్గర జవాబు ఉండకూడదు. 'మా నాన్నమ్మ ఆ కాలం మనిషి' అని మొదలుపెడితే, 'మా అమ్మమ్మా ఆ కాలం మనిషే' అనాలి. క్షమిస్తాడా లేదా అన్నది అతని ఇష్టానికి వదిలేయండి, అయిదో ఎపిసోడ్‌లో అతను రాకపోవడమే బాగుంటుంది. ల్యాబ్ రిపోర్టులో ఆమె వాటా మాత్రం ఆ రాత్రే పంపించమని చెప్పి వెళ్తాడు. నాన్నమ్మకి ఇవ్వాల్సింది ఒక చిన్న పని, అదీ ఆవిడకి కొంచెం నష్టం కలిగించేది. ఆరో ఎపిసోడ్‌లో గుడి దగ్గర స్నేహితురాలు అదే మాట అని నవ్వితే ఈవిడ కలిసి నవ్వదు, దాంతో ఆ రోజు కారులో చోటు దొరకదు. అంతే చాలు, ఎవరూ దాని గురించి మాట్లాడుకోకూడదు.

పేజీల పంపకం ఇలా చూసుకోండి: టైటిల్‌కి ముందు రెండు పేజీలు, అందులో గొలుసు డబ్బాలోకి వెళ్లాలి. మొదటి అంకం పదకొండు, అందులో కాపలా గుర్తున్న అబ్బాయి వాళ్లమ్మ సీను, దస్తావేజు. రెండో అంకం పది, అందులో బియ్యం గిన్నె. మూడోది ఆరు, అందులో కారు సీను. చివరి పేజీలో నాన్నమ్మని పాతిక కేజీలకి రెండు తులాల ఆచారం గురించి పక్కింటావిడ ఫోన్ చేసి అడుగుతుంది. తాను చెప్పిన అబద్ధం ఊరంతా పాకింది. 30 పేజీలు 22 నిమిషాల్లో పట్టాలంటే పేజీ 44 సెకన్లలో అయిపోవాలి. గడియారం పెట్టుకుని చదవండి. ఇంగ్లీషు, తెలుగు రెండూ నడిచే పేజీలు ఎక్కువ సమయం తింటాయి, ముందుగా వాటినే కోయాల్సి వస్తుంది.

కెమెరా, ఎడిటింగ్ దగ్గర జరిగే తప్పు ఒకటి స్క్రిప్టు ఎంత బాగున్నా దాన్ని పాడుచేస్తుంది. నాన్నమ్మ వేసే నటి సహజంగానే అందరికంటే బాగా నవ్విస్తుంది. అవమానపు మాట తర్వాత ఆవిడ అర సెకను ఆగిందంటే, ఇక్కడ నవ్వండని ప్రేక్షకుడికి చెప్పినట్టే. ఆ మూడు ఎర్ర డైలాగులూ ఆగకుండా, పని చేస్తూ చెప్పించండి. మాట పడే క్షణంలో కెమెరా ఆవిడ మీద ఉండకూడదు, వింటున్న మనవరాలి మీదో, అర్థం కాకపోయినా మొహం చూస్తున్న అతని మీదో ఉండాలి. అతని క్లోజప్ రెండు సెకన్లకి మించి పట్టుకుంటే జాలి మొదలవుతుంది, అదీ వద్దు.

ఇప్పటి రోజుల్లో ఎపిసోడ్ మొత్తంగా చూసేవాళ్లకంటే ముక్కలుగా చూసేవాళ్లే ఎక్కువ. కాబట్టి ఎడిట్ అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. నాన్నమ్మ మాట్లాడే ఏ 30 సెకన్లనైనా విడిగా కోసి, మీతో సంబంధం లేని మనిషికి చూపించండి. అది నల్లవాళ్ల మీద జోకుగా విడిగా పేలుతోందంటే, ఎవరో ఒకరు దాన్ని రీల్‌గా చేసి వాట్సాప్ గ్రూపుల్లోకి వదులుతారు, మీ కారు సీను దాని వెంట వెళ్లదు. ఎర్ర డైలాగుకీ దాని మూల్యానికీ మధ్య కోత పెట్టడానికి సందు లేకుండా ఒకే షాట్‌లో తీయడం దీనికి విరుగుడు.

ఆఖరి విషయం, నిజానికి మొదట చేయాల్సింది. మీ నలుగురూ తెలుగువాళ్లే, చదివి వినిపించింది తెలుగువాళ్లకే. కథ ఇంకా రెండు పేజీల సారాంశంగా ఉన్నప్పుడే ఒక ఆఫ్రికన్ అమెరికన్ రచయితని, వీలైతే కామెడీ రాసేవాళ్లని, డబ్బిచ్చి కూర్చోబెట్టండి. స్క్రిప్టంతా అయ్యాక 'ఇందులో తప్పేమైనా ఉందా?' అని అడగడం వల్ల లాభం లేదు, మర్యాదకి పర్లేదంటారు. మూడు ప్రశ్నలు అడగండి: ఈ అబ్బాయి ఏ పేజీలో మనిషిగా కాక పాఠంగా కనబడ్డాడు? అతను ఇక్కడ నిజంగా ఏమని ఉండేవాడు? వాళ్లమ్మ సీను మీరు రాస్తారా? మూడోదానికి ఒప్పుకుంటే పేరు రచయితగా వేయండి. 1970లలోనే 'గుడ్ టైమ్స్' అనే షోలో నల్లజాతి నటులు ఎస్తర్ రోల్, జాన్ ఏమోస్ పెద్దకొడుకు పాత్ర వట్టి కోతిచేష్టలుగా తయారవుతోందని అభ్యంతరం చెప్పారు, ఇద్దరూ షోకి దూరమయ్యారు. అభ్యంతరం చెప్పగల మనిషి గదిలో ఉంటే సరిపోదు, మార్చే అధికారం కూడా ఉండాలి.

నటుణ్ని ఎంపిక చేసేటప్పుడు గంభీరంగా ఉండేవాళ్లని కాకుండా టైమింగ్ ఉన్నవాళ్లని వెతకండి. ఆడిషన్‌కి తేలిక పేజీలు పంపి సెట్‌లో అసలు పేజీలు చేతిలో పెట్టొద్దు. బియ్యం సీను, ఎర్ర డైలాగులున్న సీను రెండూ, తెలుగు మాటల అర్థంతో సహా, ఆడిషన్‌కి కనీసం మూడు రోజుల ముందే పంపండి. తెలియని భాషలో తన గురించి ఏమంటున్నారో అతనికి కెమెరా ముందుకి రాకముందే తెలిసి ఉండాలి.